ఆ టేకు రెక్కలు పీకేసే ముందు

"ఈ పాత కిటికీల్లోంచే కరెంటంతా పోతోందండి. తీసేసి యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు పెట్టించేసుకోండి, బిల్లు సగానికి సగం పడిపోద్ది." అమలాపురం, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల ఏ పాత ఇంటికి మరమ్మతు మొదలెట్టినా ఈమధ్య ఈ మాట వినిపించకుండా పోవడం లేదు. చెప్పేది కిటికీలు అమ్మేవాళ్ళు ఒక్కరే కాదు. స్లాబు మేస్త్రి చెబుతాడు, ఏసీ బిగించడానికొచ్చిన కుర్రాడు చెబుతాడు, సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దల్లుడు గారూ చెబుతారు. వారం తిరక్కుండా తాతల నాటి టేకు కిటికీ గోడలోంచి ఊడొచ్చి పెరట్లో కొబ్బరిమట్టల పక్కన పడి ఉంటుంది. పాత కలప అడితివాళ్ళు వచ్చి గుత్తగా బేరమాడి పట్టుకుపోతారు. వాళ్ళు దాన్ని పొయ్యిలో పెట్టడానికి కొనరు.

నేను ఇక్కడ వాదించేది ఒక్కటే. మన గోదావరి డెల్టా ఎండకి, ఉక్కకి టేకు రెక్కల కిటికీయే కరెంటు ఆదా చేసే కిటికీ. దాన్ని తీసి అద్దాల స్లైడింగు పెడితే ఇంట్లోకి వేడి ఎక్కువ వస్తుంది, గాలి తక్కువ వస్తుంది. పాతదానికి జబ్బులు ఉంటాయి. వాటికి మందు ఉంది. పాత ఇళ్ళ అందం, వారసత్వం నాకూ ముఖ్యమే, కానీ ముందు బిల్లు లెక్కే చూద్దాం, ఎందుకంటే కిటికీలు పోతున్నది ఆ లెక్క పేరు మీదే.

ఎండ లెక్క, గాలి లెక్క

నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న పడమటి కిటికీ తీసుకుందాం. సుమారు 1.1 చదరపు మీటర్లు. వేసవిలో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య పడమటి గోడ మీద చదరపు మీటరుకి 600 వాట్లు, ఆ పైన ఎండ పడుతుంది. మామూలు తెల్లద్దం అందులో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. అంటే ఆ ఒక్క కిటికీలోంచి 500 వాట్లకు పైగా వేడి. ఒక టన్ను ఏసీ గదిలోంచి లాగగలిగేది 3,500 వాట్లు. అందులో ఏడో వంతు ఈ ఒక్క అద్దానికే సరి.

అదే కిటికీకి బయటవైపు అంగుళం దళసరి టేకు రెక్కలు మూసి ఉంటే ఎండ చెక్క మీద పడి ఆగిపోతుంది. చెక్క వేడెక్కుతుంది, ఆ వేడిలో చాలా భాగం బయటి గాలికే పోతుంది. లోపలికి దిగేది సుమారు పదో వంతు. కర్టెన్ వేసుకుంటే సరిపోదా అంటారు. కర్టెన్ అద్దానికి లోపలివైపు ఉంటుంది. ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసింది. దాన్ని ఆపాల్సింది గోడ బయట.

డబుల్ గ్లేజింగు సంగతీ చూడాలి, ఎందుకంటే అసలు ధర పెట్టించేది ఆ మాటే. రెండద్దాల కిటికీ చలిదేశాల మందు. అక్కడ లోపలికీ బయటికీ 30 డిగ్రీల తేడా, రాత్రీ పగలూ, నెలల తరబడి ఉంటుంది. మనకి నడివేసవిలో బయట 42, ఏసీ గదిలో 26 అనుకున్నా తేడా 16 డిగ్రీలు, అదీ కొన్ని గంటలు. ఆ తేడా వల్ల ఒంటద్దంలోంచి వచ్చే వేడి ఈ కిటికీకి 100 వాట్లు. రెండద్దాలు పెడితే 50 అవుతుంది. ఎండ మాత్రం రెండు తెల్లద్దాల్లోంచి కూడా 70 శాతం దాకా వచ్చేస్తుంది. ఎండని ఆపే పూత ఉన్న ఖరీదైన అద్దం వేస్తే పాతిక, ముప్ఫై శాతానికి దిగుతుంది, నిజమే. మూసిన టేకు రెక్కతో పోలిస్తే అప్పటికీ రెండు మూడు రెట్లు ఎక్కువే.

ఇక గాలి. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇళ్ళ కోసం ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. ఉక్కపోత ప్రాంతాల్లో, అంటే మన కోస్తాలో, ఇంటి లోపలి విస్తీర్ణంలో 16.66 శాతం, అంటే ఆరో వంతు, తెరుచుకునే కిటికీ తలుపులుండాలని అందులో ఉంది. రెక్కల కిటికీ తెరిస్తే 90 శాతం తెరుచుకున్నట్టు, రెండు పలకల స్లైడింగు అయితే 50 శాతమే తెరుచుకున్నట్టు లెక్కగట్టమని కూడా ఉంది. 120 చదరపుటడుగుల గదికి 20 చదరపుటడుగుల ఖాళీ కావాలి. మన 12 చదరపుటడుగుల రెక్కల కిటికీలు రెండుంటే 21.6 వస్తుంది, నెగ్గింది. వాటినే స్లైడింగు చేస్తే 12. గది అదే, గోడలో కన్నం అదే, గాలి సగం. సాయంత్రం సముద్రం మీంచి పైరగాలి తిరిగే ఊళ్ళో ఆ సగం పోగొట్టుకోవడమంటే ఏసీ రెండు గంటలు ముందే వేసుకోవడం. ఈ నియమావళి పాత ఇళ్ళని నిర్బంధించదు, కానీ లెక్క మారదు.

చీకటి, దోమలు, సందులు

రెక్కలు మూస్తే గది చీకటిగదే కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. పాత వడ్రంగి దానికి జవాబు చెప్పే వెళ్ళాడు. మన పాత కిటికీకి చాలాచోట్ల రెక్కలు రెండు కావు, నాలుగు. కింద రెండు, పైన రెండు. ఎండ వాలినప్పుడు కింది జత మూసి పై జత ఓరగా తీస్తే, బారు చూరు నీడలోంచి వెలుగు వస్తుంది, ఎండ రాదు. మరీ మూసుకోవాల్సిన రెండు గంటలకి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. 500 వాట్ల వేడిని ఆపడానికి 9 వాట్లు ఖర్చు.

దోమల విషయంలో మాత్రం పాత కిటికీ ఓడిపోయింది, ఒప్పుకోవాలి. చట్రం దళసరి నాలుగంగుళాలు ఉంటుంది కాబట్టి దానికీ దారి ఉంది. బయట రెక్కలు, మధ్యలో ఊచలు పోగా లోపలివైపు అంగుళం, అంగుళంన్నర చోటు మిగులుతుంది. అక్కడ సన్నటి చట్రంతో స్టీలు మెష్ రెక్క, లోపలికి తెరుచుకునేలా పెట్టించొచ్చు. ఏసీ గదికైతే మెష్ బదులు 4 మిల్లీమీటర్ల అద్దం రెక్క. అప్పుడు పొద్దున బయటి రెక్కలు తీసి అద్దంతో వెలుగు, మధ్యాహ్నం బయటి రెక్కలు మూసి నీడ. పాత చట్రంలో ఒక్క మేకు కూడా కొత్తగా లోతుకి దిగక్కర్లేదు. రేపు వద్దనుకుంటే నాలుగు స్క్రూలు తీస్తే చాలు.

యూపీవీసీవాళ్ళ మాటలో నిజమున్నది సందుల దగ్గర. నాలుగు రెక్కల కిటికీకి చుట్టూ 14 అడుగులు, నడుమ నిలువున 4, అడ్డంగా 3, మొత్తం 21 అడుగుల అంచు ఉంటుంది. ఆ పొడవునా 3 మిల్లీమీటర్ల సందు ఉందంటే గోడకి ఐదున్నర అంగుళాల చదరపు కన్నం పెట్టినట్టు. ఏసీ వేసిన గదిలో అది చిన్న విషయం కాదు. బాగా బిగించిన కొత్త కిటికీ ఇక్కడ కచ్చితంగా మెరుగు. కాకపోతే ఆ మెరుగుని పాత కిటికీకి రబ్బరు పట్టీతో తెచ్చుకోవచ్చు. ఇంతకీ ఆ సందు ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. చాలాసార్లు అది కాలం చేసిన సందు కాదు, చిత్రిక చేసిన సందు.

వానల్లో చిత్రిక పట్టించొద్దు

ఆషాఢ శ్రావణాల్లో రెక్క పడదు. వడ్రంగికి కబురు వెళుతుంది. ఆయన రాగానే బిగుసుకున్న అంచు మీద చిత్రిక నాలుగుసార్లు లాగి, చెక్కచుట్టలు లేపి, రెక్క హాయిగా పడేలా చేసి వెళతాడు. రోహిణి కార్తెకి అదే అంచులో వేలి గోరు దూరేంత సందు. వచ్చే శ్రావణానికి మళ్ళీ కబురు. నాలుగేళ్ళు ఇలా గడిస్తే ఆ కిటికీ "పనికిరాని పాత కిటికీ" అవుతుంది.

టేకు తక్కువ కదిలే చెక్క, కానీ అసలు కదలనిది కాదు. తేమ ఒక్క శాతం పెరిగితే వెడల్పు వెయ్యికి ఒకటి నుంచి రెండు పాళ్ళు పెరుగుతుంది. ఎండాకాలం 10 శాతం తేమతో ఉన్న చెక్క వానల్లో 16కి వెళ్ళిందంటే, పలకలు జోడించి చేసిన 18 అంగుళాల రెక్క 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. మళ్ళీ తగ్గుతుంది కూడా. ఉబ్బినప్పుడు కోసేసినది తిరిగి రాదు. రంగు ఊడి చెక్క బయటపడిన రెక్కకి ఈ ఊపు ఎక్కువ, నాలుగు అంచులకీ రంగున్నదానికి తక్కువ. కాబట్టి వానల్లో బిగుసుకుంటే చిత్రికకి వెళ్ళకుండా ముందు అంచులు చూడండి. పై అంచు, కింది అంచు చాలామంది రంగులవాళ్ళు వదిలేస్తారు. అవి చెక్క కొసలు. నీళ్ళు తాగేది అక్కడే.

రెండోది మడతబందులు చూడాలి. రెక్క కింది మూల పట్టెకి గీరుకుంటోందంటే చాలావరకు పై బందు వదులై రెక్క ముక్కు, అంటే బందులకి అవతలి అంచు, వాలింది. స్క్రూ తిరుగుతూనే ఉండి పట్టకపోతే, రంధ్రంలో టేకు పుల్లో వెదురు పుల్లో జిగురుతో కొట్టి, ఆరాక మళ్ళీ బిగించాలి. అయినా వాలితే కింది బందు వెనక ఒక దళసరి అట్టముక్కో పల్చటి ఇత్తడి రేకో పెడితే ముక్కు పైకి లేస్తుంది. తర్వాత రెక్కని మూల నుంచి మూలకి టేపుతో కొలవండి. రెండు కొలతలకీ 5 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే మూలల అతుకులు వదిలాయి. అప్పుడు దాన్ని విప్పి బిగించాలి, కోయకూడదు. చిత్రిక పట్టక తప్పదనుకుంటే మాఘ ఫాల్గుణాల్లో, రెక్క ఎండి ఉన్నప్పుడు, రూపాయి బిళ్ళ దూరేంత ఖాళీ మాత్రమే ఉంచి పట్టించండి.

పుచ్చు ఎక్కడ మొదలవుతుంది

ఉలి మొనతో గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. మంచి చోట మొన దిగదు, కర్ర ఖంగుమంటుంది. పుచ్చిన చోట పావంగుళం మెత్తగా దిగిపోతుంది. అంతా గుచ్చక్కర్లేదు. నిలువు పట్టెల కింది ఆరంగుళాలు, కింది అడ్డపట్టె, కింది రెక్కల అడుగు పట్టీ, ఊచలు దిగిన బెజ్జాలు. నూటికి తొంభై కిటికీల్లో జబ్బు ఈ నాలుగు చోట్లే. పై సగం ఇవాళ కోసినట్టుంటుంది.

ఊచల బెజ్జం దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. అరంగుళం ఇనుప ఊచ కింది పట్టెలోకి దిగిన చోట రంగు గుండ్రంగా పగిలి, చుట్టూ ఎర్రటి చార ఉంటుంది. అక్కణ్ణుంచి చెక్క నారల వెంట ఒక సన్నటి చీలిక పక్క ఊచ దాకా పాకి ఉంటుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మేకు కొట్టినట్టు చెక్కని లోపల్నుంచి చీలుస్తుంది. చీలికలోకి వాననీళ్ళు, వాటితో మళ్ళీ తుప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా జోరుగా సాగుతుంది.

చట్రానికి ఇంకో ఇద్దరు శత్రువులు. ఒకటి సిమెంటు. పాత గోడ ఇటుక, గానుగ సున్నం. అది తేమ పీల్చుకుని వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే గోడలో తేమ బయటికి పోలేక చట్రం కర్రలోకి దారి చూసుకుంటుంది. చట్రం చుట్టూ రెండు అంగుళాల మేరైనా సిమెంటు చెక్కించి తీసేసి సున్నంతో పూయించాలి. రెండోది చూరు పోవడం. పెంకుటిల్లు తీసి స్లాబు వేసినప్పుడు మూడడుగుల చూరు పోయి అడుగున్నర సన్‌షేడు మిగులుతుంది. ఎనభై ఏళ్ళు తడవని కిటికీ ఆ ఏడాది నుంచి ప్రతి వానకీ తడుస్తుంది. ఐదేళ్ళకి పుచ్చితే "పాత చెక్క, అంతేగా" అంటారు. చెక్క తప్పు కాదు.

ఆ చెక్క మళ్ళీ దొరకదు. గోదావరి మీద తెప్పలు కట్టి అడవి నుంచి రాజమండ్రి దిగిన టేకు, ఓడల్లో బర్మా నుంచి కాకినాడ రేవుకి వచ్చిన టేకు, అవి నిదానంగా ముదిరిన మాన్లు. చట్రంలో దాదాపు అంతా చేవే, అంటే మాను నడిమి గట్టి చెక్కే, ఉంటుంది. చెదలకి పనికిరానిది ఆ చేవే. ఇప్పుడు అడితిలో దొరికే తోట టేకులో పాతికేళ్ళ లోపే కొట్టినది ఎక్కువ. అందులో బెరడు పక్కనుండే తెల్లచెక్క పాలు ఎక్కువ, తెల్లచెక్కని చెదలు వదలవు. మన 12 చదరపుటడుగుల కిటికీలో చట్రం, రెక్కలు కలిపి రెండు సీఎఫ్‌టీల (ఘనపుటడుగుల) పైచిలుకు చేవ టేకు ఉంది. పది కిటికీల ఇంట్లో ఎంతో లెక్కేసుకోండి, ఆ తర్వాతే గుత్త బేరానికి తల ఊపండి.

పని ఎలా సాగాలి

ముందు ప్రతి రెక్క వెనకా గుర్తు పెట్టాలి. చేత్తో చేసిన కిటికీలో ఏ రెక్కా ఇంకో చోట పట్టదు. బందుల స్క్రూలు రాకపోతే గాడిలోంచి రంగు గీకి, చుక్క కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయండి.

పాత రంగు తీయడంలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, కాస్టిక్ సోడా పోయడం. రంగు ఊడుతుంది, దాంతోపాటు టేకు నల్లబడి పైపొర పీచులా లేస్తుంది. సోడా చెక్కలో మిగిలిపోయి కొత్త రంగుని కొన్నాళ్ళకి పొక్కిస్తుంది. రెండోది మిషను పెట్టి పొడిగా అరగదీయడం. రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90, మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు పూసిన ఎనామిల్‌లో సీసం ఉందనే అనుకోవాలి. దాన్ని దుమ్ము చేసినా, బ్లోలాంపుతో కాల్చినా ఊపిరిలోకి పోతుంది. తడిపి గీకాలి, కింద ప్లాస్టిక్ పట్టా పరవాలి, మాస్కు కట్టుకోవాలి, గీకుడు సంచిలో కట్టేయాలి, పిల్లల్ని ఆ వసారాలోకి రానివ్వకూడదు.

పుచ్చిన పాదం ఉంటే మొత్తం పట్టె మార్చనక్కర్లేదు. గట్టి చెక్క వచ్చేదాకా కోసి, దళసరికి మూడు రెట్ల పొడవున ఏటవాలుగా నరికి, అదే ఏటవాలు ఉన్న పాత టేకు ముక్క అతకాలి. నారలు ఒకే దిక్కున ఉండాలి. ఏటవాలు బయటివైపుకి దిగేలా ఉండాలి, లేకపోతే అతుకులోనే నీళ్ళు నిలుస్తాయి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు పట్టదు. అతికే ముందు ఎసిటోన్‌తో తుడిచి పావుగంటలో అతికేయాలి. మామూలు తెల్ల జిగురు మన తేమకి వదిలేస్తుంది. నీళ్ళకి ఆగే రకం, లేదా రెండు డబ్బాల ఎపాక్సీ వాడాలి. స్క్రూలు ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో. వేలెడంత గుంటకి మాత్రమే ఎపాక్సీ ముద్ద. పెద్ద పుచ్చుని ముద్దతో పూడిస్తే చెక్క కదులుతుంది, ముద్ద కదలదు, చుట్టూ సందు పడి మళ్ళీ నీళ్ళు దిగుతాయి.

వదులైన మూలల అతుకులు విప్పి, పాత చీల తీసి, కొత్త వెదురు చీల కొట్టాలి. దిళ్ళా రెక్క, అంటే చుట్టూ పట్టెలు, నడుమ పలక ఉన్నది, అయితే మధ్య పలకకి జిగురు రాయకూడదు. అది గాడిలో స్వేచ్ఛగా కదలాలి, బిగిస్తే వేసవిలో నిట్టనిలువునా పగులుతుంది. ఊచలు తీసి తుప్పు గీకి, తుప్పుని ఆపే జింకు ఫాస్ఫేటు ప్రైమరు రెండు పూతలు వేసి, బెజ్జాన్ని 2 మిల్లీమీటర్లు పెద్దది చేసి, చుట్టూ సుద్దపొడి, అవిసె నూనె కలిపిన లప్పం నొక్కాలి. తుప్పు ఉబ్బినా చెక్కని తాకకుండా చోటు మిగులుతుంది.

నూనెకి ఉడికించిన అవిసె నూనె మంచిది. మొదటి పూతకి సగానికి సగం టర్పెంటైన్ కలిపి, ఇరవై నిమిషాల తర్వాత పీల్చుకోని నూనెని పూర్తిగా తుడిచేయాలి. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. అవి ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళలో ముంచాలి, లేదా దండెం మీద విడివిడిగా ఆరేయాలి. ఒట్టి నూనె మాత్రమే ఉంచితే మన వానలకి బయటివైపు నల్లటి బూజు పడుతుంది. అందుకని బయటికి నూనె బాగా ఆరాక ప్రైమరు, రెండు పూతల రంగు. ఎండ పడే వైపు పారదర్శకమైన వార్నిషు వద్దు, రెండు వేసవుల్లో పొరలు లేస్తుంది. చెక్క కొసలకి మూడు పూతలు.

సందులకి పట్టీ చివర. అంటించే స్పాంజి పట్టీ ఏడాదికే పొడిపొడిగా రాలిపోతుంది. రెక్క ఆనే గాడిలో 3 మిల్లీమీటర్ల కోత పెట్టి ఎండకీ వానకీ ఆగే ఈపీడీఎం రకం రబ్బరు పట్టీ దూర్చాలి. రెక్క మీద రెక్క పడే చోట బ్రష్షు పట్టీ నయం. ఇది ఏసీ గదుల కిటికీలకి చాలు. హాలుకీ వసారాకీ వృథా ఖర్చు. ఓపికున్న వడ్రంగికి కిటికీకి రెండు మూడు రోజులు పడుతుంది. అలాంటి వడ్రంగి దొరకడమే కష్టం అంటారు, అందులో అబద్ధం లేదు. పని లేక వాళ్ళు ప్లైవుడ్ వార్డ్‌రోబులకి పోయారు. ఒక వీధిలో రెండిళ్ళవాళ్ళు కలిసి ఇరవై కిటికీల పని ఒకేసారి అప్పగిస్తే ఆయన నెలన్నర మనస్ఫూర్తిగా చేస్తాడు. ఒక్క కిటికీకి పిలిస్తే చిత్రిక లాగి పోతాడు.

అన్నీ దక్కవు

చట్రం నిలువు పట్టెలు రెండూ సగం ఎత్తు దాకా పుచ్చితే, గోడలోంచి చెదలు లోపల డొల్ల చేస్తే, ఆ కిటికీని వదిలేయొచ్చు. గోదావరి నడుమ లంక ఊళ్ళలో 1986, 2022 వరదల్లాంటివి ముంచినప్పుడు మాత్రం తొందరపడొద్దు. మునిగిన టేకు చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, కానీ చావదు. బురదని మంచినీళ్ళతో కడిగి, రెక్కలు విప్పి నీడలో కర్రల మీద పరిచి, నెలా రెండు నెలలు ఆరనివ్వాలి. ఎండలో పెడితే మెలి తిరుగుతుంది. తడి మీద రంగు వేస్తే లోపలే పుచ్చుతుంది.

తుఫాను భయంతో మార్చేవాళ్ళూ ఉన్నారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా విరిగాయో చూసినవాళ్ళకి ఆ భయం ఉండటం సహజం. ఎగిరొచ్చే రేకుముక్కకి, కొబ్బరిబొండానికి ఎదురు నిలిచేది అద్దమా, గడియ బిగించిన అంగుళం టేకా అన్నది చూసుకోవాలి. ఈదురువానకి స్లైడింగు పట్టాలో నీళ్ళు నిండుతాయి, బయటికి పోయే చిన్న రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోయి ఉంటే ఆ నీళ్ళు గదిలోకే దూకుతాయి. రెక్కల కిటికీకి చేయాల్సింది గొళ్ళేలు, కొక్కేలు, అడ్డగడియ వానాకాలానికి ముందే నూనె వేసి చూసుకోవడం.

ఒక కిటికీ నిజంగానే పోయిందనుకోండి, దాన్ని అడితికి ఇవ్వకండి. పై సగంలో మంచి చేవ ఉంటుంది. రంగు గీకేసి, మేకులు తీసి, అటక మీద నేలకి తగలకుండా పడుకోబెట్టండి. మిగిలిన తొమ్మిది కిటికీల్లో ఏదో ఒకదాని పాదానికి వచ్చే పదేళ్ళలో తొమ్మిదంగుళాల ముక్క కావాల్సి వస్తుంది. అదే చెక్క, అదే వయసు, అదే ఆరుదల ఉన్న ముక్క ఇంకెక్కడా దొరకదు.